కేసులో చిక్కిన తాటి దోనె

నేను ఒక తాటి దోనెను. కొల్లేటి నీళ్ళమీద నన్ను చూసినవాళ్ళు తక్కువ. చాలామంది చూసింది అటవీశాఖ రేంజి ఆఫీసు పెరట్లో, రేకుల షెడ్డు పక్కన, మునగచెట్టుకు గొలుసుతో కట్టేసి ఉండగానే. నా పక్కమీద తెల్లరంగుతో ఒక నంబరు కూడా వేశారు. ఇది ఏ నేరం చేసిందోనని అనుకుంటారు. జరిగింది జరిగినట్టు చెబుతాను, విని మీరే తేల్చండి.

దోనెను కాకముందు నేను చేలగట్టుమీది పోతుతాడిని. అరవై ఏళ్ళు ఒక్కచోట నిలబడి దూరాన మెరిసే నీళ్ళను చూస్తూ గడిపాను. కాయలు కాసే చెట్టునైతే ఇంకొన్నాళ్ళు ఉంచేవారేమో. కాయని చెట్టంటే మనుషులకు జాలి తక్కువ. గంగాచలం అనే వడ్రంగి నన్ను పడగొట్టి, నిలువునా చీల్చి, లోపలి మెత్తటి పీచంతా బాడిసతో గోకేశాడు. బయటి చేవ ఒక్కటే మిగిల్చాడు. మొదలు వైపు బొద్దుగా నా ముక్కయింది. చివరి వైపు తెరిపికి చెక్క బిగించి, బంకమట్టితో మూశాడు. పద్దెనిమిది అడుగుల పొడవు, మనిషి కూర్చుంటే ఒరుసుకునేంత వెడల్పు. పదకొండు రోజుల పని.

నన్ను చేయించుకున్నవాడు ఏడుకొండలు. ఊరు రెల్లులంక. చుట్టూ నీళ్ళే కాబట్టి ఆ ఊళ్ళో పెళ్ళయినా చావయినా దోనెమీదే రావాలి. నాంచారమ్మ కాపురానికి వచ్చింది నా మీదే. పసుపు బట్టల్లో మధ్యన కూర్చుని, నేను ఒరిగినప్పుడల్లా ఏడుకొండలు చొక్కా పట్టుకునేది. పదహారేళ్ళ తరవాత అతను కామెర్లతో పోయినప్పుడు చుట్టాలు వచ్చి, ఆడదానికి దోనెతో పనేముంది, మాకిచ్చెయ్యమన్నారు. ఆవిడ వాళ్ళకు టీ కాచి ఇచ్చి, వాళ్ళు తాగుతుండగానే గట్టు దిగి గెడ చేతిలోకి తీసుకుంది. ఆడది గెడ వెయ్యడమేమిటని ఊళ్ళో అన్నవాళ్ళకు, కొల్లేటికి ఆడా మగా తెలీదు, లోతొక్కటే తెలుసు అని జవాబు చెప్పిందట. ఆ రోజునుంచీ ఆవిడ అరికాళ్ళే నాకు దిక్కు. మనుషుల మొహాలు ఎలా ఉంటాయో నాకు అంతగా తెలియదు. భయపడ్డ కాలు, అలిసిన కాలు, అబద్ధం చెప్పే కాలు మాత్రం నాకు బాగా తెలుసు.

మా కొల్లేటిని అభయారణ్యమంటారు. పేరులో అరణ్యం ఉందిగాని వెతికినా నాలుగు చెట్లు కనిపించవు. నీళ్ళు, రెల్లు, పక్షులు. ఎవరికి అభయమో బోర్డుమీద రాసి ఉంటుంది. అందులో గూడబాతులున్నాయి, ఎర్రకాళ్ళ కొంగలున్నాయి, నాంచారమ్మ లేదు. పక్షులు గూళ్ళు పెట్టే కాలంలో పెద్దరెల్లు చుట్టూ వెదురు గడలు పాతి ఎర్రజెండాలు కడతారు. జెండాలకు ఇవతల మావులు వేసుకోవచ్చు. మావు అంటే చేప లోపలికి వెళ్ళగలదే తప్ప బయటికి రాలేని వెదురుబుట్ట. అవతల వేస్తే కేసు. నాంచారమ్మ అంతకుముందు ఏడు ఒకసారి అవతల దొరికిపోయింది. మళ్ళీ దొరికితే దోనెను జప్తు చేస్తామని కాగితంమీద వేలిముద్ర వేయించుకుని వదిలారు.

అయినా ఆ ఏడూ వేసింది. ఇవతల చేపల చెరువుల మురుగు దిగి నీళ్ళు నల్లబడ్డాయి. మావులెత్తితే వేళ్ళూ నాచూ తప్ప రాలేదు. అవతల పక్షులున్న చోట నీళ్ళు తేటగా ఉన్నాయి. పక్షికి తెలిసిన సంగతే ఆవిడకూ తెలుసు. ఆరు మావులు వేసింది.

సరిగ్గా ఆ వారంలోనే తాహెరా వచ్చింది.

తాహెరా కొత్తగా చేరిన బీటు ఆఫీసరు. ఇరవై ఆరేళ్ళుంటాయి. మార్కాపురం దగ్గర పలకల గనుల్లో పనిచేసే ఇంటి పిల్ల. బిందె నీళ్ళకోసం మైలు నడిచి పెరిగిన మనిషిని తీసుకొచ్చి ఇన్ని నీళ్ళమధ్య వేశారు. ఈత రాదు. లంకలవాళ్ళు ఆమెను గార్డమ్మ అనేవారు. పెద్దరెల్లులో గూళ్ళు లెక్కపెట్టాలి, ఆఫీసు ఇంజను పడవ ఆ రెల్లులో దూరదు, ఒక్క పూట దోనె వేసుకురమ్మని నాంచారమ్మను అడిగింది. కాదంటే అనుమానం వస్తుంది. మావులున్న పక్కకు పోకుండా తిప్పి తీసుకురావచ్చులే అనుకుని ఆవిడ సరేనంది. ఆ పొద్దున నామీద నిలబడ్డ ఆ కాళ్ళు అబద్ధం చెప్పే కాళ్ళని నాకు ఎక్కీ ఎక్కగానే తెలిసింది.

మాఘమాసం. మంచు విడుతుండగా బయలుదేరాం. తాహెరా నా ముక్కు దగ్గర రెండు చేతులా అంచులు పట్టుకుని కూర్చుంది. వేళ్ళు తెల్లబడేంత పట్టు. రెల్లులోకి వెళ్ళాక మాత్రం ఆమెకు భయం మరుపుకొచ్చింది. పిల్ల నోట్లో పెట్టడానికి గూడబాతు సంచిలాంటి దవడ తెరిచినప్పుడు చిన్నపిల్లలా నవ్వింది. నూటనలభై గూళ్ళు లెక్కపెట్టి పుస్తకంలో రాసింది. అక్కడితో వెనక్కి తిరిగి ఉంటే ఈ కథే లేదు. దూరాన రెక్క విరిగినట్టు కొంగ ఒకటి కొట్టుకుంటుంటే దాని దగ్గరికి పొమ్మంది. అటు వద్దమ్మా, ఊబి అని నాంచారమ్మ చెప్పి చూసింది. కొంగ ఎక్కడ చిక్కుకుందో దగ్గరికి వెళ్ళాక తెలిసింది. దాని కాలు నాంచారమ్మ మావు కట్టిన తాడులో ఇరుక్కుంది.

తాహెరా తాడు కోసి కొంగను వదిలింది. తరవాత వరసగా ఆరు మావులూ ఎత్తించింది. ఆరు కొర్రమీలున్నాయి. ఒక్కొక్కటీ మోచేతంత. మావులెవరివని ఆమె అడగలేదు. ముడి వేసిన తీరు నా ముక్కుకు కట్టిన తాడుమీదా అలాగే ఉంది.

"ఏందమ్మా నాంచారమ్మా, తెలిసి తెలిసి ఇట్టా చేస్తివి?"

"మీకు తెలీందేముంది గార్డమ్మా. బయట చేప లేదు."

"నేను రాయాల."

"దోనె పోద్ది."

చేపల్ని తూకం వేసి, రేంజరుగారి ఎదట పంచనామా రాశాకే నీళ్ళలో వదలాలని రూలు. కొర్రమీను గట్టి ప్రాణం, తడి ఉంటే ఒక పూట బతుకుతుంది. నాచు కప్పి ఆరు చేపల్నీ బుట్టలో పెట్టి, మావులతో సహా నా కడుపులో సర్దారు. సాక్ష్యం టపటపా కొట్టుకుంటుంటే ఇద్దరూ చెరోవైపు చూస్తూ తిరుగుదారి పట్టారు.

మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేచింది. గుర్రపుడెక్కను మీరు చూసే ఉంటారు. ఊదారంగు పువ్వులు, ముద్దుగా ఉంటుంది. ఫొటోలు తీసుకుంటారు. అది గాలికి కదిలి వస్తే ఎలా ఉంటుందో నాలాంటివాళ్ళకే తెలుసు. ఎకరాలకు ఎకరాలు చాప చుట్టినట్టు వచ్చి మేం వెళ్ళాల్సిన కాలవను మూసేసింది. నాంచారమ్మ దోనెను వెనక్కి తిప్పేలోపు వెనక దారీ మూసుకుంది. గెడ వేస్తే వేళ్ళలో దిగబడి పైకి రాదు. లాగితే నేనే కిందికి పోతున్నాను. గంటసేపు పెనుగులాడి, చెమటలతో నా మీద కూలబడింది. నా రెండు పక్కలా ఆకులు ఒత్తుకుని కిర్రుమంటున్నాయి. ఎటు చూసినా పచ్చటి నేలలాగే ఉంది, దానికింద నిలువున్నర లోతు కాలవ.

తాహెరా సెల్‌ఫోన్‌లో ఆఫీసుకు చెప్పింది. జెండాల అవతల మావులు దొరికిన సంగతీ చెప్పింది, ఎవరివో మాత్రం అనలేదు. ఇంజను పంకాకు డెక్క చుట్టుకుంటుందని, గాలి మారితే పొద్దున వస్తామని అన్నారు. పొద్దుటిదాకా ఓపిక పట్టమని ధైర్యం చెప్పి ఫోను పెట్టేశారు. గట్టుమీద కూర్చున్నవాళ్ళ ధైర్యం ఎప్పుడూ గొప్పగానే ఉంటుంది.

పొద్దు వాలేసరికి ఆకలి మొదలైంది. నాంచారమ్మ దగ్గర చిన్న మట్టిపొయ్యి, డబ్బాలో బియ్యం, ఉప్పు, కారం ఉన్నాయి. దోనెమీద తిరిగేవాళ్ళు అవి లేకుండా కదలరు. అన్నం వార్చింది. తరవాత బుట్టవైపు చూసింది. తాహెరా కూడా చూసింది.

"అవి సాక్ష్యమమ్మా," అంది తాహెరా.

"సాక్ష్యం తెల్లారేసరికి చచ్చిపోద్ది గార్డమ్మా. చచ్చిన చేప ఎవరికీ పనికిరాదు. ఒకటి తిందాం, అయిదు అప్పజెప్పండి. ఆరు దొరికాయని, ఒకటి తిన్నామని రాసుకోండి. నేను కాదనను."

చివరికి బుట్ట మూత తాహెరాయే తీసింది. పులుసుకు చింతపండు లేదు, నాంచారమ్మ ఉప్పూ కారంతోనే ఉడికించింది. ఇద్దరూ ఒకే గిన్నెలో తిన్నారు. తింటూ తాహెరా వాళ్ళ నాన్న సంగతి చెప్పింది. పలకల దుమ్ము పీల్చి దగ్గుతో మంచంపట్టాడని, ఇంట్లో మొదటి జీతం తనదేనని. నాంచారమ్మ ఏడుకొండలు సంగతి చెప్పింది. ఆ మాటల్లోనే ఒక్కసారి, దోనెను వదిలెయ్యలేరా అని అడిగింది. తాహెరా గిన్నెలోకి చూస్తూ, ఒకరిని వదిలితే రేపు పదిమందిని వదలాలని, అప్పుడు ఆ నూటనలభై గూళ్ళకు ఎవరు జవాబు చెబుతారని అంది. అందులో తప్పేమీ కనిపించలేదు నాకు. నాంచారమ్మ మాటలోనూ కనిపించలేదు. ఇద్దరూ నిజం చెబుతుంటే మధ్యలో ఉన్నవాళ్ళకే కష్టం. నేను ఉన్నది వాళ్ళ మధ్యలోనే.

చలికి ఒకే గోనెపట్టా కప్పుకుని తెల్లవార్చారు. తెల్లారినా గాలి మారలేదు. సీసాలో నీళ్ళయిపోయాయి. ఫోనులో చార్జి అయిపోయింది. నాంచారమ్మ కుదురుగా కూర్చుంది, కొల్లేటితో తొందరపడి లాభం లేదని ఆవిడకు తెలుసు. తాహెరాకు మాత్రం ఒక్కచోట కూర్చోవడం చేతకాలేదు. పచ్చటి ఆ నేలకు అవతల, ముప్పై అడుగుల్లో రెల్లుదిబ్బ కనిపిస్తోంది. డెక్కమీద నీలికోడి ఒకటి తీరిగ్గా నడిచి వెళ్ళింది. అంత పెద్ద పక్షిని మోస్తున్నది నన్ను మొయ్యదా అంది తాహెరా. మొయ్యదమ్మా అని నాంచారమ్మ అంటూండగానే నా అంచుమీంచి కాలు అవతల పెట్టేసింది.

రెండడుగులు వేసింది. మూడో అడుగుకు నేల విడింది.

కేక కూడా వినబడలేదు. ఆకులు పక్కకు జరిగి, ఆమెను మింగి, మళ్ళీ మూసుకున్నాయి. ఊదాపువ్వులు రెండు ఊగి ఆగాయి. కింద ఆమె కొట్టుకుంటున్నది నాకు తెలుస్తోంది. ఆమె చెయ్యి నా అడుగును గీరింది. పైకి రావాలని చూస్తోంది, పైన వేళ్ళ చాప. జడ చిక్కుకుంది.

నాంచారమ్మ గెడ అందించలేదు. అరవలేదు. కొంగు నడుముకు చుట్టి, నా అంచు పట్టుకుని తన బరువంతా వేసి నన్ను ఒరగదోసి, నాతోబాటే నీళ్ళలోకి పడింది. పొయ్యి, డబ్బా, చేపలబుట్ట, మావులు, పుస్తకం, ఫోను అన్నీ పోయాయి. నేను బోర్లాపడ్డాను. నా కడుపులో ఉన్న గాలి నాలోనే ఉండిపోయింది. ఆవిడకు కావలసింది అదే. నీళ్ళకిందినుంచి తడుముకుంటూ తాహెరా జడ పట్టి, వేళ్ళు తెంపి, నా కిందికి లాక్కొచ్చింది. మొహం పైకెత్తి నా పొట్టకు ఆనించింది. తాహెరా మొదటి ఊపిరి నా లోపల తీసుకుంది. దగ్గు, ఏడుపు, మళ్ళీ ఊపిరి. ఇద్దరి తలలూ నాలో, చీకట్లో.

"ఊపిరి తియ్యి. గాలి ఉంది. కంగారుపడితే అయిపోద్ది, మెల్లిగా తియ్యి తల్లీ," అంటోంది నాంచారమ్మ. ఆ ఒక్క క్షణంలో గార్డమ్మ పోయి తల్లి అయింది. మీరు నువ్వయింది.

ఎంతసేపో నాకు తెలియదు. లోపలి గాలి బరువెక్కుతుండగా నాంచారమ్మ కాళ్ళతో తడిమి కాలవ ఒడ్డు వెతికింది. అక్కడ నీళ్ళు మెడలోతే. తాహెరాను అక్కడ నిలబెట్టి, ఆకులు చీల్చి తల బయటపెట్టించింది. తరవాత ఇద్దరూ కలిసి నన్ను తిప్పడానికి పూటంతా పట్టింది. మధ్యాహ్నం దాటాక పడమటి గాలి వీచి డెక్క విరిగింది. గెడ ఎక్కడో కొట్టుకుపోయింది. చేతులతోనే తోసుకుంటూ బయటికి వచ్చారు. ఎర్రజెండాల దగ్గర ఇంజను పడవ ఎదురొచ్చింది.

గట్టుమీద జరిగిందే నేను మీకు చెప్పాలనుకున్న అసలు సంగతి. ఇద్దరికీ టీలు ఇచ్చారు. రేంజరుగారు వచ్చి, బతికి బయటపడ్డారు సంతోషమని, ఇంతకీ మావులెవరివో తెలిసిందా అని అడిగారు. మావులు నీళ్ళలో పోయాయి. చేపలు పోయాయి. తాహెరా ఒక్కతే సాక్షి. తెలియలేదని ఒక్కమాట అంటే అయిపోయేది. ఆమె నాంచారమ్మవైపు చూసింది. నాంచారమ్మ టీ గ్లాసులోకి చూస్తోంది. ఒక కాలు ఇంకా నా అంచుమీదే ఉంది. ఆ కాలు నా అంచును గట్టిగా నొక్కింది, వదిలెయ్యమని మాత్రం ఆవిడ అడగలేదు. తాహెరా ఇంకాసేపు ఆగింది. తరవాత కాగితం తెప్పించుకుని, జరిగిందంతా రాసింది. మావులెవరివో, ఎన్ని చేపలో, అందులో ఒకటి తాము ఎలా వండుకు తిన్నారో, తనను ఎవరు ఎలా బతికించారో.

ఆ తిన్నమాట కొట్టెయ్యమన్నారు రేంజరుగారు. సాక్ష్యాన్ని పులుసు పెట్టుకుని తిన్న గార్డని కోర్టులో నవ్వుతారన్నారు. తిన్నది నిజం సార్ అంది తాహెరా. ఆమెకు మెమో ఇచ్చారు. నాకు నంబరిచ్చారు.

ఆ వాక్యం మూలాన కేసు నాలుగేళ్ళు నడిచింది. వాయిదాకో ప్రశ్న. తిన్న చేప తూకమెంత, తినకముందు పంచనామా ఎందుకు రాయలేదు, తిన్నవాళ్ళలో ముద్దాయి ఎవరు, సాక్షి ఎవరు. మనుషులు ఒక అబద్ధాన్ని పదినిమిషాల్లో నమ్మగలరు, నిజానికి మాత్రం నాలుగేళ్ళు పడుతుంది. ఆ నాలుగేళ్ళూ నాంచారమ్మ రొయ్యల షెడ్డులో తలలు ఒలిచే కూలికి వెళ్ళింది. వాయిదాకు వచ్చినప్పుడల్లా గోడ పక్కగా నడుస్తూ నన్నొకసారి చూసిపోయేది.

నేను ఎండిపోయాను. నీళ్ళకు అలవాటుపడ్డ తాడి ఎండకు పగులుతుంది. మొదటి పగులు విచ్చినరోజు తాహెరా విన్నది. మరునాటినుంచీ డ్యూటీ ఎక్కేముందు పంపుదగ్గర రెండు బిందెలు పట్టి నా కడుపులో పోసేది. ఎండాకాలం సాయంత్రం కూడా పోసేది. ఆఫీసువాళ్ళు నవ్వారు. ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. పగుళ్ళు ఆగలేదు, కాస్త నెమ్మదించాయంతే.

నాలుగో ఏడు తీర్పు వచ్చింది. మందలించి వదిలేశారు, దోనెను తిరిగి ఇమ్మన్నారు. అప్పటికి తాహెరాకు బదిలీ కాగితం కూడా వచ్చి ఉంది. నాంచారమ్మ వచ్చి, అందినట్టు వేలిముద్ర వేసి, నా దగ్గర చతికిలబడింది. మోకాళ్ళు పట్టేసినట్టున్నాయి, చాలాసేపు సర్దుకుంది. పగుళ్ళలో వేళ్ళు పెట్టి చూసింది. ఒకదాంట్లోంచి అవతలి వెలుతురు కనబడుతోంది.

"రోజూ నీళ్ళు పోశా పెద్దమ్మా," అంది తాహెరా.

"చెప్పారు. దోనెకి నీళ్ళు కింద ఉండాలి తల్లీ. లోపల పోస్తే ఏం లాభం?"

మాటలో నిష్ఠూరం లేదు. తాహెరా ఆవిడ పక్కన నేలమీదే కూర్చుంది. యూనిఫారానికి దుమ్మవుతుందని చూడలేదు.

"ఆపొద్దు గట్టుమీద నువ్వు ఒక్కమాట అడిగుంటే నేను రాసేదాన్ని కాదు."

"తెలుసు."

"మరి ఎందుకడగలేదు?"

నాంచారమ్మ నా అంచుమీద చెయ్యి వేసింది. "అంతకుముందడిగాను, కాదన్నావు. అది నీ ఉద్యోగం. నీళ్ళలోంచి లాగాక అడిగితే నీ ప్రాణానికి ధర అడిగినట్టవుద్ది. ఎట్టా అడగను?"

తాహెరా మోకాళ్ళమీద తల పెట్టుకుంది. నాంచారమ్మ ఆమె వీపుమీద చెయ్యి వేసి ఉంచింది. కాసేపయ్యాక ఇద్దరూ లేచారు. నన్ను తీసుకెళ్ళడానికి మనిషినీ పడవనీ తెస్తానని నాంచారమ్మ వాచ్‌మన్‌కు చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ కాలు నేలమీద ఉంది కాబట్టి నిజమో అబద్ధమో నాకు తెలియలేదు. ఆవిడ రాలేదు. నేను తప్పుపట్టను. చిల్లిపడ్డ దోనెను మోసుకెళ్ళి ఏం చేసుకుంటుంది? తాహెరా ఆ వారంలోనే నల్లమలకు వెళ్ళిపోయింది.

గొలుసు విప్పారు. మరునాడే దాన్ని పట్టుబడ్డ మోటారుసైకిలుకు కట్టారు. చట్టప్రకారం నేను విడుదలయ్యాను. మునగచెట్టు కిందే ఉన్నాను.

మొన్న భాద్రపదంలో కొల్లేరు పొంగింది. వాగులన్నీ ఒక్కసారి దిగి, నీళ్ళు రోడ్డు దాటి ఆఫీసు పెరట్లోకి వచ్చాయి. రెండోరోజుకు నా కిందికి వచ్చాయి. ఆరేళ్ళ తరవాత నా కింద నీళ్ళు. పగుళ్ళలోంచి లోపలికి వస్తున్నా తాడి చేవ కదా, బరువుగా, ఒకపక్కకు ఒరిగి, లేచాను. ప్రవాహం నన్ను షెడ్డు దాటించింది, జెండాకర్ర దాటించింది, గోడ వెంబడి నడిపించింది. అటు రోడ్డు, రోడ్డుకు అవతల చేలు, చేల మీదుగా కొల్లేరు, అంతా ఒకటే నీరు. గేటుదాకా వెళ్ళాను.

గేటుకు తాళం వేసి ఉంది.